పన్నెండో అంకణం

గ్యాలరీ కట్టిన మేస్త్రీ ఆట జరిగినంతసేపూ ఆ గ్యాలరీ కిందే కూర్చోవాలి. ఇది ఎవరూ రాసిపెట్టిన చట్టం కాదు, శౌరయ్య తాతల నాటినుంచీ వాళ్ళ ఇంట్లో నడిచొస్తున్న పద్ధతి. మేస్త్రీ కింద, మేస్త్రీ ఇంటివాళ్ళు పైన చిట్టచివరి వరసలో. అది చూసి జనం "కట్టినవాడే కింద కూర్చున్నాడు, మనకేం భయం" అనుకుని ధైర్యంగా ఎక్కేవాళ్ళు. గుణదల కొండకింద తిరునాళ్ళ పందిళ్ళు, నాటకాల పోటీలకి వేసే బల్లలు, సర్కస్ వాళ్ళ మెట్లు, అన్నీ శౌరయ్య చేతి పనే. ముప్పై ఏళ్ళలో అతను కట్టినదేదీ ఒరగలేదు. అందుకని అతనికి కాస్త పొగరు కూడా ఉండేది. ఉండదూ మరి?

ఆ సంవత్సరం, అంటే డెబ్భైనాలుగు ఫిబ్రవరిలో, బెజవాడలో అంతర్జాతీయ ఫుట్‌బాల్ క్లబ్బుల ఛాంపియన్‌షిప్ పెట్టారు. రంగూన్ నుంచి ఒక క్లబ్బు, కొలంబో నుంచి ఒకటి, ఖాట్మండు నుంచి ఒకటి వచ్చాయి. కాఫీ హోటళ్ళలో ఇడ్లీ చల్లారిపోతున్నా అదే మాట. మన ఊరి తరపున కృష్ణా స్పోర్టింగ్ క్లబ్బు ఆడింది. అందులో సెంటర్ ఫార్వర్డ్ జక్కయ్య, శౌరయ్య ఒక్కగానొక్క కొడుకు. పగలు ఆటోనగర్‌లో లేతు మిషన్ మీద పని, సాయంత్రం బంతి. కొలంబో వాళ్ళమీద రెండు గోల్స్ వాడే కొట్టాడు. దాంతో తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు బెజవాడలో ఉన్నాడని ఊరు ఊరంతా మీసం దువ్వింది. ఇక రంగూన్ వాళ్ళతో సెమీఫైనల్ మిగిలింది.

పందిళ్ళ పనిలో గుంజకీ గుంజకీ మధ్య జాగాని అంకణం అంటారు. గ్రౌండుకి ఉత్తరం వైపు శౌరయ్య పది అంకణాల గ్యాలరీ కట్టాడు. సరుగుడు గుంజలు, కొబ్బరి తాళ్ళు, పైన అద్దెకి తెచ్చిన పలకలు. అద్దె పలకకి మేకు దించితే పలకల యజమాని ఊరుకోడు, అందుకని అంతా తాడుకట్టే. కాలవ పక్క నేల మెత్తన కాబట్టి ప్రతి గుంజ గోతిలోనూ అడుగున రాతి పలక వేసి, ఇటుక ముక్కలు పోసి, దిమ్మిసతో గట్టిగా కొట్టించాడు. ఒక్క కర్రకి తప్ప.

ఆ ఒక్కటీ రాట. టోర్నమెంట్ కమిటీ ప్రెసిడెంటు వెంకటసుబ్బారావు గారు ఉయ్యూరు వైపు పెద్ద రైతు, రైసు మిల్లు ఆసామి. మంచివాడే. కానీ పందిరి అనే మాట చెవిన పడితే చాలు, ముహూర్తం చూసి రాట వెయ్యనిదే అన్నం సయించదు. "పెళ్ళికి వేస్తాం, దీనికి వెయ్యమా శౌరయ్యా? ఇది పదిపెళ్ళిళ్ళ పెట్టు" అని ఈశాన్యం మూల గొయ్యి తీయించారు. వాళ్ళావిడ వెంకటరత్నమ్మ గారు గోతిలో ఆవుపాలు పోశారు, నవధాన్యాలు వేశారు, అయిదుగురు ముత్తయిదువలు పసుపు రాసిన కర్రని పట్టుకుని నిలబెట్టారు. ముహూర్తం దాటిపోతోందని గబగబా మన్ను కప్పేశారు. ఆ కర్ర గ్యాలరీకి ఇరవై అడుగులు అవతల, మామిడాకులు కట్టుకుని ఊరికే నిలబడేది. కాబట్టి శౌరయ్య కూడా ఏమీ అనలేదు.

అయితే రంగూన్ వాళ్ళు దిగారనగానే టిక్కెట్ల కోసం జనం విరగబడ్డారు. కమిటీ వాళ్ళు వచ్చి ఇంకో రెండు అంకణాలు తూర్పుకి పెంచమన్నారు. పెంచితే పన్నెండో అంకణం వెనకమూల గుంజ సరిగ్గా రాట ఉన్న చోటే వచ్చింది. ఏం చేస్తాడు?

"అయ్యా, ఆ రాట పీకి, గోతిలో రాయి వేసి, మళ్ళీ అక్కడే నిలబెడతానండీ. గంట పని" అన్నాడు శౌరయ్య.

వెంకటసుబ్బారావు గారి మొహం మాడిపోయింది. "వేసిన రాట పీకుతావా? ఆట అయ్యేదాకా దాన్ని కదపకూడదయ్యా. ఏదన్నా జరిగితే ఎవరు జవాబు చెప్పుకోవాలి?"

శౌరయ్యది మరియమ్మని నమ్ముకున్న ఇల్లు. వాళ్ళ ఆచారం మీద తను నోరు చేసుకోవడం బాగుండదనుకున్నాడు. పోనీలే అని రాటకి పక్కనే ఇంకో గొయ్యి తీసి, రాయి వేసి, తోడుగుంజ నిలబెట్టి, బరువంతా దానిమీద పడేట్టు కట్టాడు. అడ్డకర్రని రాటకి కూడా ఒక చుట్టు చుట్టినా, అది ఉత్త అలంకారానికే. ఆ రాత్రి అతను హాయిగా నిద్రపోయాడు.

సెమీఫైనల్ రోజు పొద్దున్నే అన్ని కట్లూ తడిమి చూసుకుని, మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళాడు. మూడింటికి భార్య అమలమ్మని వెంటబెట్టుకుని వచ్చేసరికి గేటు దగ్గర నుంచే గ్యాలరీ నల్లగా కనపడింది. జనం నిండిపోయారు. అమలమ్మ కొంగు బిగించి మెట్లెక్కి పన్నెండో అంకణం పై వరసకి వెళ్ళిపోయింది. శౌరయ్య వంగి కిందికి దూరాడు. ఒక్కో గుంజా తట్టుకుంటూ తూర్పుకి నడిచి చివరి మూలకొచ్చాడు.

తోడుగుంజ లేదు.

ఖాళీ గొయ్యి ఉంది, అడుగున రాయి ఉంది, తెంపిన తాడు ముక్కలు ఉన్నాయి. బరువంతా పసుపు రాసిన రాట మోస్తోంది. ఎవడు తీశాడు? ఎందుకు తీశాడు? పలకల సందులోంచి గ్రౌండు అవతలికి చూస్తే సంగతి తెలిసిపోయింది. రంగూన్ క్లబ్బు వాళ్ళ జెండా తన సరుగుడు కర్ర మీద రెపరెపలాడుతోంది. జెండాకి పొడుగు కర్ర దొరకలేదని, ఒకేచోట రెండెందుకులే అని, వాలంటీర్లెవరో ఊడదీసుకుపోయారు. పసుపు రాసిన దాన్ని ముట్టుకోకూడదని ఎంతో భక్తిగా రెండోదాన్ని తీశారు మహానుభావులు!

అప్పుడే విజిల్ మోగింది. ఆట మొదలైంది.

బయటికి పరుగెత్తి కేక పెడదామనుకున్నాడు. నోరు తెరవబోయి ఆగాడు. పదేళ్ళ కిందట ఒక తిరునాళ్ళలో ఎవడో "పందిరి పడుతోంది" అని ఉత్తినే అరిచాడు. పందిరి పడలేదు. తొక్కిసలాటలో నలుగురు పోయారు, అందులో ఒకావిడ చంటిపిల్ల తల్లి. శౌరయ్య తన చేతులతో మోశాడు ఆమెని. ఇప్పుడీ పైన మూడు వేలమంది ఉన్నారు. అరిస్తే అందరూ ఒక్కసారి లేస్తారు. లేస్తే రాట ఆగదు. అరవకపోతే? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

పోనీ అమలమ్మనొక్కదాన్నీ మెల్లగా దింపేస్తే? ఆ ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. ఇంతమంది పెళ్ళాం బిడ్డలు పైనుండగా తన పెళ్ళాన్ని మాత్రం దింపుకుంటాడా? అదీగాక మేస్త్రీ భార్య దిగిపోతోందంటే ఆ చుట్టుపక్కల ఎవరన్నా కూర్చుంటారా? అదీ అరుపుతో సమానమే. పెద్దలు పెట్టిన పద్ధతి గొంతుకి ఉరై కూర్చుంది.

మొలలో దోపుకున్న మేకు తీసి, రాట మీద నేల మట్టానికి గీత గీశాడు. పైకి చూశాడు. వెనక అడ్డకర్ర మీద పై వరస పలకలు నాలుగు వేళ్ళ మేర ఆనుకుని ఉన్నాయి. రాట కూరుకుని బయటికి ఒరిగిందంటే అడ్డకర్ర దాంతోపాటే జరుగుతుంది, పలకల చివర్లు జారతాయి. పై వరస వచ్చి కింది వరస మీద పడుతుంది. అది దాని కిందిదాని మీద. నాలుగు వేళ్ళు, అంతే ఆయుష్షు.

తెగిన తాళ్ళన్నీ ముడివేసి రాటని పక్క గుంజకి లాగి కట్టాడు. చాల్లేదు. తలగుడ్డ విప్పి కట్టాడు. కట్టుకున్న పంచె చింపి కట్టాడు. వేరే గుంజ తెద్దామంటే వచ్చేలోపు ఇది ఒరుగుతుందేమో. ఇక కట్టడానికేమీ లేక గోచీతో నిలబడి రాటని రెండు చేతులా వాటేసుకున్నాడు. పైనుంచి వేరుశెనగ తొక్కలు నెత్తిన రాలుతున్నాయి. ఎవడో ఉమ్మిన వక్క భుజం మీద పడింది. తుడుచుకునే ధ్యాస లేదు.

"కార్నర్! కార్నర్!" అని పైన గోల లేచింది. మూడు వేల జతల కాళ్ళు ఒక్కసారి పలకల మీద దబ్బుమన్నాయి. శౌరయ్య చేతుల్లోనే రాట కదిలింది. చల్లగా, మెత్తగా, నీళ్ళలోకి దిగినట్టు దిగింది. కిందికి చూస్తే గీత మట్టిలోకి పోయింది. పైకి చూస్తే మూడు వేళ్ళే మిగిలాయి.

"మరియమ్మ తల్లీ, గోల్ పడనీకమ్మా" అన్నాడు. ఊళ్ళో ఆ సమయానికి గోల్ పడకూడదని మొక్కిన బెజవాడవాడు బహుశా అతనొక్కడే.

ఆ మొక్కు సగం ఫలించింది. కాసేపటికి రంగూన్ వాళ్ళే గోల్ కొట్టారు. పైన చీమ చిటుక్కుమంటే ఒట్టు. మూడు వేలమందీ చతికిలబడిపోయారు. శౌరయ్య కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఆట ఇలాగే అయిపోతే చాలు. ఓడిపోతే చాలు. ఓడినవాళ్ళు నెమ్మదిగా దిగి ఇళ్ళకు పోతారు. గెలిచినవాళ్ళే గంతులు వేస్తారు.

హాఫ్ టైమ్‌లో పది నిమిషాలు. జనం ఎక్కడివాళ్ళక్కడే కూర్చుని సోడాలు తాగారు. ఒకడు టీకి లేవబోతే శౌరయ్యకి ప్రాణం ఎగిరిపోయినంత పనయింది. ఖాళీ గోతిలో రాతిపలక ఉంది కదా, దాన్ని తీసి రాట మొదట్లో దోపుదామని ప్రయత్నించాడు. రాట పక్కన వేళ్ళు పెట్టి తవ్వితే లోపలంతా పాల తడికి మురిగిన నవధాన్యాలు, బురద. ఇంకా తవ్వితే ఉన్న ఆసరా కూడా పోతుందని భయపడి తవ్విన మన్ను మళ్ళీ అరచేతులతో అదిమాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

రెండో సగంలో జక్కయ్య రెచ్చిపోయాడు. శౌరయ్యకి ఆట కనపడదు, అంతా చెవులతోనే. "జక్కయ్యా, పోనీ! పోనీయ్!" అంటే గుండె ఆగేది. "అబ్బా, పోయింది" అంటే మళ్ళీ కొట్టుకునేది. ఒకసారి బంతి గోల్ కర్రకి తగిలి తిరిగొచ్చినట్టుంది. జనం సగం లేచి సగం కూర్చున్నారు. రాట ఇంకో బెత్తెడు దిగి, బయటికి ఒరిగింది. పైన మిగిలింది ఒక్క వేలు. శౌరయ్య భుజం ఆనించి, మడమలు నేలలో గుచ్చి, దాన్ని లోపలికి నెట్టుతూ ఉండిపోయాడు. ఏడుస్తున్నాడన్న సంగతి కూడా అతనికి తెలియదు.

ఇంకో మూడు నిమిషాలే ఉన్నాయని పైన ఎవరో అన్నారు. అంతలో పెద్ద విజిల్. ఒక్క క్షణం ఎవరికీ అర్థంకాలేదు. తరవాత పైనుంచి వినిపించింది.

"పెనాల్టీ! జక్కయ్యని పడేశారు! పెనాల్టీ ఇచ్చాడ్రోయ్!"

"కూర్చోండి, కూర్చోండి, కనపడాలి!"

"ఎవరు కొడతారు?"

"ఇంకెవరు, జక్కయ్యే. శౌరయ్య మేస్త్రీ కొడుకు!"

జనం ఊపిరి బిగబట్టారు. ముందు వరసవాళ్ళ కాళ్ళ మధ్యనుంచి జానెడు సందులో శౌరయ్యకి గ్రౌండు కనిపించింది. ఆ సందులో చారల మేజోళ్ళు వేసుకున్న రెండు కాళ్ళు, ఒక బంతి కనిపించాయి. కుడి మోకాలి కింద మచ్చ ఉంది, చిన్నప్పుడు సరుగుడు మోపు మీంచి దూకి తెచ్చుకున్నది. ఆ కాళ్ళు తన బిడ్డవి. ఈ ఒక్క దెబ్బ కోసం ఆ బిడ్డ ఎన్నేళ్ళుగా ఎదురుచూశాడో శౌరయ్యకి తెలుసు. లేతు మిషన్ దగ్గర పన్నెండు గంటలు నిలబడి వచ్చి, అన్నం తినకుండా గోడకేసి బంతి కొట్టుకునేవాడు. ఇది పడితే కలకత్తా క్లబ్బువాళ్ళు వాణ్ణి తీసుకుపోతారని అందరూ అనుకుంటున్నారు.

ఇది పడితే మూడు వేలమంది ఒక్కసారి పైకి ఎగురుతారు.

"వద్దురా నాయనా" అన్నాడు శౌరయ్య. "కొట్టకురా. నీ కాళ్ళు పట్టుకుంటా, కొట్టకురా." పెదాలే కదిలాయి, శబ్దం రాలేదు. ఏ తండ్రీ కోరకూడనిది కోరుతున్నానని తెలుసు. అయినా ఆ మాట ఆగలేదు.

కాళ్ళు వెనక్కి నడిచాయి. ముందుకి పరుగెత్తాయి. బంతి సందులోంచి మాయమైంది.

శౌరయ్య కళ్ళు గట్టిగా మూసుకుని రాటని కరుచుకున్నాడు. పైన ఏ శబ్దమూ లేదు. కాలవ అవతల కాకి అరిస్తే వినపడేంత నిశ్శబ్దం. కళ్ళు తెరిచి చూస్తే ఆ చారల మేజోళ్ళ మోకాళ్ళు మట్టిలో ఆని ఉన్నాయి. బంతి గోలుపక్కగా బయటికి పోయింది.

"తల్లీ మరియమ్మా, నీకు వందనాలమ్మా! వందనాలు!"

అది గుండెలోంచి వచ్చిన కేక. బయటికి ఎంత గట్టిగా వచ్చిందో అతనికి తెలియలేదు. ఆ నిశ్శబ్దంలో పన్నెండు అంకణాలకీ వినిపించింది.

"ఎవడ్రా కింద?" అన్నాడు పైన ఒకడు.

"మేస్త్రీ! మేస్త్రీ గొంతేరా అది!"

"కొడుకు పెనాల్టీ పోగొడితే వీడు దండం పెడుతున్నాడేందిరా? రంగూన్ వాళ్ళ దగ్గర ఎంత తిన్నాడో!"

తిట్లు మొదలయ్యాయి. తిట్లకి శౌరయ్య భయపడలేదు. కానీ ఒకడు కోపంతో పలక మీద కాలితో తన్నాడు. పక్కవాడూ తన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు! రాట వణికింది. "తన్నకండయ్యా, మీకు పుణ్యముంటుంది, తన్నకండి" అని కిందనుంచి బతిమాలుతున్నాడు. అతను బతిమాలేకొద్దీ వాళ్ళు ఇంకా తన్నుతున్నారు.

అప్పుడు పై వరసలోంచి అమలమ్మ గొంతు లేచింది.

"ఆపండి! ఎవురూ కాలు కదపమాకండి! తిట్టండి, నా మొగుణ్ణి ఎంత కావాలంటే అంత తిట్టండి, కూచుని తిట్టండి!"

ముప్పై ఏళ్ళు మేస్త్రీతో కాపురం చేసిన మనిషి. తన మొగుడు కన్నకొడుకు ఓటమికి వందనాలు చెప్పాడంటే కింద ఏదో ప్రాణాంతకం ఉందని ఆమెకి ఆ కేకలోనే అర్థమైపోయింది. కానీ మాట పైకి అనలేదు. పక్కనున్న చంటిబిడ్డ తల్లి మోకాలి మీద చెయ్యి వేసి నొక్కి పట్టుకుంది. ఆడమనిషి అంత గట్టిగా అరిచేసరికి మగాళ్ళు సిగ్గుపడి ఆగారు.

ఆట అయిపోయినట్టు విజిల్ మోగింది. "ముందు కింది వరసలోళ్ళు దిగండి" అని అమలమ్మ పైనుంచి పురమాయించింది. "తరవాత పైవాళ్ళు. పోలీసోళ్ళు అట్టా చెప్పారు." పోలీసులు ఏమీ చెప్పలేదు. ఓడిపోయిన జనానికి తొందరేముంది? కాళ్ళీడ్చుకుంటూ, ఉమ్ముకుంటూ, ఒక్కో వరసా దిగింది. ఆ దిగిన పావుగంటా శౌరయ్యకి అంతకుముందు గడిచిన గంటన్నర కంటే పొడుగనిపించింది. చిట్టచివర అమలమ్మ అంచు పట్టుకుని దిగి, కిందికి వంగి, గోచీతో నిలబడ్డ మొగుణ్ణి చూసింది. రాటని చూసింది. "అమ్మో" అని అక్కడే కూలబడిపోయింది.

ఆమె వెనకే జక్కయ్య వచ్చాడు. బూట్లు మెడలో వేసుకున్నాడు. ఒళ్ళంతా దుమ్ము, దుమ్ము మీద కన్నీటి చారలు. గేటు దగ్గర ఎవరో మొహాన్నే చెప్పేశారు.

"నాన్నా, నేను తప్పితే నువ్వు దండం పెట్టావంటున్నారు" అన్నాడు. "అబద్ధమని చెప్పు నాన్నా."

"నిజమేరా" అన్నాడు శౌరయ్య. "గోల్ పడకూడదని కూడా మొక్కాను."

శౌరయ్య రాటని వదల్లేదు, గడ్డంతో పైకి చూపించాడు. జక్కయ్య కూడా పుట్టినప్పటినుంచీ తాళ్ళ మధ్య పెరిగినవాడే. ఖాళీ గొయ్యి చూశాడు. మట్టిలోకి దిగిపోయిన పసుపు చూశాడు. గుంజెక్కి పై పలక చివర తన వేలు పెట్టి చూశాడు. అడ్డకర్ర మీద ఆనింది వేలు మందం కూడా లేదు.

మెల్లగా దిగాడు.

"అమ్మ ఎక్కడ కూచుంది?"

శౌరయ్య ఆ పలకనే చూపించాడు.

జక్కయ్య తండ్రి వైపు తిరిగాడు.

"నాన్నా, నేను కావాలని తప్పలేదు. నాకేం తెలుసు? గోలే కొడదామనుకున్నా. నా ప్రాణమంతా పెట్టి గోలే కొట్టా నాన్నా!"

"తెలుసురా."

"కాలు కొంచెం జారింది. జారకపోతే..."

"జారిందిగా" అన్నాడు శౌరయ్య. "జారిందిగా నాయనా. చాలు."

జక్కయ్య వచ్చి, తండ్రి చేతుల పైన తన చేతులు వేసి, ఆ ఖాళీ గ్యాలరీ కింద రాటని గట్టిగా పట్టుకున్నాడు. పైన మోయడానికి ఇంక ఎవరూ లేరు. వదిలెయ్యండని అమలమ్మ ఎంత చెప్పినా ఇద్దరూ వదల్లేదు. చివరికి ఆవిడే లేచొచ్చి, ముందు కొడుకు వేళ్ళు, తరవాత మొగుడి వేళ్ళు, ఒక్కొక్కటిగా విడదీసింది.